పూతరేకుల రేటు మారింది, బెల్లం మాయమైంది: మా అసిస్టెంట్ వాడుతున్న షాపుల వారికి

నమస్కారం. మీరు వాయిస్ మెసేజ్ పెడితే చాలు, షాపు వివరాలు తనే మార్చుకునే మా ఏఐ అసిస్టెంట్ గత వారం కొన్ని షాపుల వివరాలు చెరిపేసింది. తప్పు మాదే. ఎక్కడ జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాం.

ఒక స్వీట్ షాపు సంగతే చూడండి. “పూతరేకులు బాక్సు ఇక నుంచి 250” అని ఓనరు గారు చెప్పారు. ఆ రికార్డులో రేటుతో పాటు బాక్సుకి ఎన్ని, బెల్లంవా పంచదారవా, ఎన్నాళ్లు నిల్వ ఉంటాయి, పార్సిల్ ఉందా అనే గడులున్నాయి. ఏజెంటు, అంటే ఆ అసిస్టెంటే, రేటు ఒక్కటే పంపింది. ఏజెంటు చెప్పింది రికార్డులో రాసే మా ప్రోగ్రాము, అంటే మా టూలు, మిగతా నాలుగూ తుడిచేసి రేటు మాత్రం ఉంచింది. సాయంత్రం ఎవరో “బెల్లంవేనా?” అని అడిగితే “వివరాలు లేవండీ” అంది.

ఏజెంటు మా కోడు చూడదు. దానికి కనిపించేవి టూలు పేరు, కింద రాసిన వివరణ, ఏ గడిలో ఏం పెట్టాలో చెప్పే స్కీమా, అంతే. మా వివరణ మొత్తం ఒకే ముక్క: “రికార్డును అప్‌డేట్ చేస్తుంది.” ఉన్నదంతా తీసేసి కొత్తది పెట్టడమా, చెప్పినంత వరకే మార్చడమా? వెబ్‌లో సమాచారం పంపుకునే పద్ధతి హెచ్‌టీటీపీలో మొదటిదాన్ని పుట్ అంటారు, రెండోదాన్ని ప్యాచ్ అంటారు. మా టూలు లోపల చేసేది పుట్. పైన రాసిన మాట మాత్రం రెండింటికీ సరిపోతుంది.

మరి ఇన్నాళ్లూ ఎలా నడిచింది? అసిస్టెంట్‌ను నడిపే పాత మోడల్ (లోపలి ఏఐ) ముందు రికార్డు చదివి, అన్ని గడులూ నింపి తిరిగి పంపేది. ఆ అలవాటు దానిదే, మేం నేర్పింది కాదు. మోడల్ సరఫరా చేసేవాళ్లు పాతదాన్ని ఆపేసి కొత్తదానికి మార్చారు. ఆపుతున్నామని చెప్పారు గానీ, టూల్స్ పిలిచే తీరు మారుతుందన్న ముక్క ఎక్కడా లేదు. ఫిర్యాదు చేస్తే మా వివరణ తెప్పించుకుని చదివి, “మీ వాక్యమే అస్పష్టంగా ఉంది” అన్నారు. నిజమే. నిజం కాబట్టే ఇంకా మండింది. నెలనెలా బిల్లు కట్టించుకునేవాళ్లు ఆ మాట ముందే అనొచ్చుగా!

ఇంకో తప్పు పూర్తిగా మాదే. మా టూల్స్ ఎంసీపీ పద్ధతిలో, అంటే ఏఐకి టూల్స్ తగిలించే ఒక ఉమ్మడి పద్ధతిలో ఉన్నాయి. అందులో ప్రతి టూలుకీ డిస్ట్రక్టివ్ హింట్ అనే గుర్తు పెట్టొచ్చు. ఏమీ పెట్టకపోతే, ఆ టూలు ఉన్నదాన్ని చెరపగలదనే లెక్క. మేం పనిగట్టుకుని “కాదు” అని పెట్టాం. అందుకే మిమ్మల్ని అడగకుండానే రాత జరిగిపోయింది. పైగా ఆ గుర్తు సూచనే తప్ప తాళం కాదు. తాళం మా సర్వర్‌లో వేసుకోవాల్సింది.

ఇప్పుడు వివరణ ఇలా ఉంది: “ఉన్న రికార్డులో కొన్ని గడులు మార్చడానికి మాత్రమే. పంపని గడులు అలాగే ఉంటాయి. ముందు రికార్డు చదివి ఐడీ, వెర్షన్ నంబరు తీసుకో. ఐడీ ఊహించకు. దొరక్కపోతే కొత్తది సృష్టించకు, యజమానిని అడుగు.” సర్వర్ కూడా ఇదే పాటిస్తుంది. చదివాక మధ్యలో ఇంకెవరైనా మార్చి ఉంటే వెర్షన్ కలవదు, రాత ఆగిపోతుంది. నెట్ ఆలస్యమై ఏజెంటు అదే పని రెండోసారి పంపినా, అభ్యర్థన నంబరు ఒకటే కాబట్టి రెండు ఎంట్రీలు పడవు. తీసేసే టూలు ఏజెంటు చేతిలో ఇక లేదు. “నిలిపివేత” అని గుర్తు పెట్టడం వరకే. తేదీ గడిలో “రేపు” అని రాస్తే ఒప్పుకోదు, రోజు, నెల, సంవత్సరం కావాలి. లేకపోతే “రేపు సెలవు” అన్నది కిరాణా కొట్టులో “అప్పు రేపు” బోర్డులా ఎప్పటికీ రేపే.

మేం తేల్చుకోలేక నలిగింది ఒక్కదాని దగ్గరే: ప్రతి మార్పుకీ మీ చేత “సరే” అనిపించాలా? అడగకుండా పనైపోతుందనే కదా మీరు మా దగ్గరికి వచ్చింది. అడగకపోతే మళ్లీ ఇదే గొడవ. చివరికి రేటు, సెలవు, ఫోన్ నంబరు, ఈ మూడింటికే అడుగుతుంది: “పాతది 220, కొత్తది 250, సరేనా?” మీరు సరే అనేదాకా పాతదే నడుస్తుంది. మిగతావి నేరుగా మారతాయి. అసలు ఏజెంటు చేత రాయించడమే మానేసి పాత షీటుకి వెళ్దామని కొందరన్నారు. వెళ్లం.

పోయిన గడులు రాత్రి బ్యాకప్ నుంచి తిరిగి పెట్టాం. పగలు మీరు మార్చి, ఆ రాత్రి బ్యాకప్ కంటే ముందే చెరిగిపోయినవి మాత్రం దొరకలేదు. “నా రికార్డులు చూపించు” అని పంపండి, ఖాళీ గడులు ముందు వస్తాయి. వాటిని మీరు చెబితేనే నింపగలం. రేట్ల కన్నా ముందు పార్సిల్, నిల్వ రోజులు చూసుకోండి, ఎక్కువగా పోయినవి అవే. చెరిగిన షాపులకు ఈ నెల బిల్లు లేదు.