ఓడ ఎక్కే ముందు ఫోన్ల సంగతి

అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి చెన్నై రేవుకు వెళ్లి, అక్కడ శ్రీలంక ఓడ ఎక్కే మన బృందం దయచేసి ఇది పూర్తిగా చదవండి.

ఓడ కదిలిన కొంతసేపటికే ఒడ్డు మీది టవర్ల సిగ్నల్ పోతుంది. ఆ తర్వాత ఫోనులో గీతలు మళ్లీ నిండుగా కనిపిస్తే సంబరపడకండి. అది ఓడలోనే ఉండే నెట్‌వర్క్, ఉపగ్రహం ద్వారా పనిచేస్తుంది. తెర మీద 'సెల్యులర్ ఎట్ సీ' లాంటి పేరు కనబడుతుంది. మామూలు రోమింగ్ ప్యాక్ శ్రీలంకలో దిగాక పనికొస్తుంది గానీ, చాలా ప్యాకులు ఈ నెట్‌వర్క్‌కు వర్తించవు. ఫోను జేబులో ఊరికే ఉన్నా, డేటా రోమింగ్ ఆన్‌లో ఉంటే యాప్‌లు వాటంతటవే డేటా వాడుకుంటాయి, బిల్లు తడిసి మోపెడవుతుంది. కాబట్టి ఓడ కదలగానే ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై ఒక్కటే మళ్లీ ఆన్ చేయండి.

వైఫై ప్యాకేజీకి విడిగా డబ్బు కట్టాలి, సాధారణంగా ఒక్కో ఫోనుకు ఇంత అని. ముందే కొంటే చాలాసార్లు చౌక. భార్యాభర్తలకు ఒకటి సరిపోవచ్చు. ఒకరు లాగౌట్ అయ్యాక మరొకరు వాడుకోవచ్చేమో కొనేటప్పుడే అడగండి. ఉక్కు గోడల గదుల్లో సిగ్నల్ మందగిస్తే నడవాలోకి రండి. ఫొటోల బ్యాకప్ ఆపేయండి.

ముఖ్యమైన మాట: ఏరోప్లేన్ మోడ్‌లో బ్యాంకు ఓటీపీ ఎస్ఎంఎస్‌లు రాకపోవచ్చు. కరెంటు బిల్లు, చీటీ డబ్బు ముందే కట్టేయండి. దర్శనం టికెట్ల విడుదల ఉంటే ఆ పని ఇంట్లో పిల్లలకు అప్పగించండి. ఇక్కడ మంచి నెట్ ఉన్నప్పుడే దొరకడం కష్టం, నడిసముద్రంలో సరేసరి!

ఓడ పేరు, టూర్ సంస్థ అత్యవసర నంబరు కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి రండి. సినిమాలు, పాటలు ఈ రాత్రికే డౌన్‌లోడ్ చేసుకోండి.