మలుపులో గరగర: మేము వేసిన బేరింగ్‌ల గురించి మీకు చెప్పాల్సింది

ఈమధ్య మా షెడ్‌లో ముందు చక్రాల బేరింగ్‌లు (చక్రం తేలిగ్గా తిరగడానికి లోపల గుండ్లుండే జంట రింగులు) మార్పించుకున్న వాళ్లలో కొందరు మళ్లీ అదే శబ్దంతో తిరిగొచ్చారు. కొత్త బేరింగ్ వేశాక ఇంత త్వరగా మలుపులో గరగర ఎందుకొచ్చిందని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. బయట ఎవరో 'వాళ్లకు బిగించడం రాదు' అన్నారని కూడా నా చెవిన పడింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మలుపులో వచ్చే ప్రతి శబ్దమూ బేరింగ్‌ది కాదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ ఇస్తే టకటకమంటోందంటే ముందు సీవీ జాయింట్ (ఇంజిన్ శక్తిని మలుపులోనూ చక్రానికి అందించే కీలు) చూస్తాం. దాని రబ్బరు బూటు చిరిగి, గ్రీజు చక్రం లోపలివైపు చిమ్మి ఉంటుంది. ఆగిన బండిలో స్టీరింగ్ తిప్పినా కిర్రుమంటే స్ట్రట్ (ముందు చక్రం దగ్గరి షాక్ అబ్జార్బర్) పైనుండే మౌంట్‌ను అనుమానిస్తాం. బ్రేక్ డిస్క్ వెనకాల రేకు వంగి డిస్క్‌కు తగిలినా, మధ్యలో చిన్న రాయి ఇరుక్కున్నా ఇనుము కోస్తున్నంత శబ్దం వస్తుంది. రేకు సరిచేస్తే పోయే దానికి బేరింగ్ మార్చి డబ్బు తీసుకునే అలవాటు మాకు లేదు.

తిరిగొచ్చిన బండ్లలో ఇవేవీ లేవు. వేగం పెరిగేకొద్దీ హోరు పెరుగుతోంది. ఒక బండిలో ఎడమకు తిప్పితే ఎక్కువై, కుడికి తిప్పితే తగ్గుతోంది. ఎడమకు తిరిగేటప్పుడు బరువు కుడివైపు చక్రాల మీద పడుతుంది కాబట్టి ముందు కుడి బేరింగే చూశాం. బండిని లేపి, ఒక చెయ్యి కాయిల్ స్ప్రింగ్ మీద ఉంచి రెండో చేత్తో చక్రం తిప్పితే ఆ గరుకు వేళ్లకు స్పష్టంగా తెలిసింది.

బేరింగ్ ఊడదీసి, దాని అంచు మూసే సీలు లేపాను. తగినంత గ్రీజు ఉండాల్సిన చోట పల్చటి నల్లటి పూత మాత్రం ఉంది. గుండ్లు తిరిగే దారి పొడవునా లోహం పెచ్చులూడింది. పాత స్టాకులో మిగిలిన ఒక బేరింగ్‌ను పక్కన పెట్టి చూశాం. పెట్టె అదే, పేరు అదే, నంబరు కూడా అదే. రింగు మీది అక్షరాలు మాత్రం పాతదానిపై పదునుగా ఉంటే, ఈ ఊడదీసినదానిపై చెదిరినట్టున్నాయి. ఆ పేరుతో మాకొచ్చింది వేరే సరుకని నాకు అప్పుడే అర్థమైంది.

ఏళ్ల తరబడి సరుకు తీసుకుంటున్న డీలరే దాన్ని పంపారు. ఫోన్ చేస్తే ఆయన మొదటి మాట, 'బిగించేటప్పుడు మీవాళ్లే తేడా చేసుంటారు.' నాకు కోపం ఆగలేదు. బేరింగ్‌ను నకిల్‌లోకి (చక్రాన్ని మోసే లోహపు దిమ్మె) ప్రెస్ చేసేటప్పుడు బలం బయటి రింగు మీదే పడాలి. చక్రం బిగించే హబ్‌ను ఎక్కించేటప్పుడు లోపలి రింగుకు కింద ఆసరా ఉండాలి. ఆ బలం గుండ్ల మీదుగా వెళితే, గుండ్లు ఉన్న ఎడంలోనే రింగు మీద వరసగా నొక్కులు పడతాయి. మేము విప్పినవాటిలో ఒక్క నొక్కు లేదు. యాక్సిల్ నట్‌ను, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించేదాకా బండి బరువు చక్రం మీద పడనివ్వని మా కుర్రాళ్లను ఆ మాట అంటే నేనెలా ఊరుకుంటాను? అవే చేతులు, అదే ప్రెస్‌తో వేసిన పాత స్టాకు బేరింగ్‌లు ఇప్పటికీ చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి.

ఫొటోలు పంపాక ఆయన గొంతు తగ్గింది. మిగిలిన పెట్టెలు వెనక్కిస్తే డబ్బు సర్దుతానన్నారు. ఇవ్వలేదు. ఇస్తే అవి ఇంకో షెడ్‌కు వెళ్లి, ఇంకెవరి బండిలోనో చేరతాయి. ఆ నష్టం నేనే భరిస్తాను.

నన్ను ఎక్కువగా వేధించింది ఇంకో విషయం. అవే బేరింగ్‌లు వేసి, ఇంకా శబ్దం రాని బండ్లను ఏం చెయ్యాలి? ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లంతా 'వచ్చినప్పుడు చూసుకో, ఇప్పుడే చెప్పి పేరు పోగొట్టుకోకు' అన్నారు. లెక్క వేస్తే ఖర్చు తక్కువేం కాదు. పైగా, చల్లగా తిరుగుతున్న బండి యజమానికి ఫోన్ చేసి 'మీ బేరింగ్ మంచిది కాదు' అని చెప్పడం అంత తేలిక కాదు. చాలా ఊగిసలాడాను. కానీ బేరింగ్ అరిగి వదులైతే చక్రం ఊగుతుంది, బ్రేక్ కూడా సరిగ్గా పట్టదు. మీరు పిల్లల్ని కూర్చోబెట్టుకుని వెళ్లే బండి అది. అందుకే అందరికీ ఫోన్ చేస్తున్నాం, శబ్దం ఉన్నా లేకపోయినా.

బేరింగ్‌కూ, పనికూ మీరు ఏమీ ఇవ్వక్కర్లేదు. తీసిన బేరింగ్ మీకు చూపిస్తాం. కొత్తవి ఇకమీదట కంపెనీ అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గరే తీసుకుంటాం. అవి రావడం ఆలస్యమైతే మీరు కాస్త ఆగాలి, పాత డీలర్ దగ్గరికి మాత్రం వెళ్లను. ఈలోపు హోరు గట్టిగా ఉంటే, స్టీరింగ్‌లో వణుకు తెలుస్తుంటే బండిని దూరప్రయాణానికి తీయకండి. కబురు చేస్తే మేమే వచ్చి తెచ్చుకుంటాం. ఇప్పటికే వేరేచోట మార్పించుకున్నవాళ్లు బిల్లు, వీలైతే అక్కడ తీసేసిన మా బేరింగ్ తీసుకురండి. బిల్లు డబ్బు నేనిస్తాను.