ఆవకాయకి పేకాట సిఫారసు

సంపాదకుల వారికి,

చిక్కడపల్లిలో మాది పచ్చళ్ల దుకాణం. ఆన్‌లైన్‌లో అమ్ముదామని మొన్న వేసవిలో ఒక పాత వెబ్‌సైట్‌ను పేరుతో సహా 35 వేలకు కొన్నాను. అమ్మినతను ఫోన్లో స్క్రీన్‌షాట్ చూపించి, "డొమైన్ అథారిటీ 48 సార్, గూగుల్‌లో మీరే పైన ఉంటారు" అన్నాడు. నూటికి 48 అంటే పాసే కదా అనుకున్నా.

వేరే సైట్ల నుంచి వచ్చే లింకులను బట్టి ఆ మార్కులు వేసేది గూగుల్ కాదట, మోజ్ అనే ప్రైవేటు కంపెనీ. లింకులను బట్టే పేజీలకు తాను వేసే పేజ్‌ర్యాంక్ అనే అంకెను గూగుల్ జనానికి చూపించడం 2016లోనే మానేసింది. డబ్బు కట్టాక మా మేనల్లుడు చెప్పిన సంగతులివి! వాడే, సైట్ల పాత పేజీలను దాచి చూపించే వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేరు కొట్టి చూపించాడు. మూడేళ్ల కిందటి పేజీ నిండా చైనీస్ అక్షరాలు, పేకముక్కల బొమ్మలు. ఆ సైటుకి వచ్చే లింకులు కూడా చాలావరకు అలాంటి చోట్ల నుంచే. స్కోరు పెరిగింది వాటివల్లే. ఇక గూగుల్‌లో 'సైట్' అని ఇంగ్లిష్‌లో కొట్టి, కోలన్ పెట్టి, పక్కనే ఆ పేరు రాస్తే ఒక్క పేజీ రాలేదు. అంటే గూగుల్ వెతుకులాటలో ఆ సైటు కనపడటమే లేదన్నమాట. నడుస్తున్న సైటని కదా నాకు అంటగట్టింది!

ఇలాంటి మోసం కొత్తదేమీ కాదు. పేజ్‌ర్యాంక్ కనిపించే రోజుల్లో కొందరు అమ్మకందార్లు తమ సైటును పెద్ద సైటుకి దారి మళ్లించి, దాని ర్యాంకును తమదిగా చూపించేవారట.

కొనేవాళ్లు స్క్రీన్‌షాట్ చూసి ఊరుకోకండి. సైటు గూగుల్‌లో ఎలా కనపడుతోందో దాని యజమానికి గూగులే చూపించే సెర్చ్ కన్సోల్‌లో మిమ్మల్ని యూజర్‌గా చేర్చమని అమ్మేవాణ్ని అడగండి. నేనూ ఆలస్యంగా అడిగాను. "రేపు చూద్దాం సార్" అన్నాడు. మళ్లీ ఫోన్ ఎత్తలేదు.

- ఒక పచ్చళ్ల వ్యాపారి, చిక్కడపల్లి, హైదరాబాద్