కుక్కకాటుకు టీకా వేస్తున్నారు సరే, సీరం మాటేమిటి?

సంపాదకుల వారికి,

కుక్క కరిచిన మనిషిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) తీసుకెళ్తే ధనుర్వాతం టీకా, రేబిస్ టీకా (ఏఆర్‌వీ) వేసి, మళ్లీ రావలసిన తేదీలు చీటీ మీద రాసిస్తారు. పన్ను దిగి రక్తం వచ్చిన కాటుకు అది చాలదు. గాయంలోకే ఎక్కించాల్సిన రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్ ఇంకోటి ఉంది. ఆసుపత్రుల్లో దాన్నే సీరం అంటారు. చాలా పీహెచ్‌సీల్లో అది ఉండదు. ఏరియా ఆసుపత్రికో జిల్లా ఆసుపత్రికో వెళ్లమంటారు, ఆ మాటైనా చెప్పని చోట్లూ ఉన్నాయి. వీధికుక్కల్ని ఏం చేయాలన్న వాదనలో ఈ సంగతి ఎవరికీ పట్టడం లేదు.

సీరం ఎందుకో తెలియాలంటే ఈ వైరస్ నడక తెలియాలి. చొంగతో గాయంలో దిగిన వైరస్ అక్కడి కండరంలోంచి నరం కొసను పట్టుకుని లోపలికి దూరుతుంది, వెన్నుపాము మీదుగా మెదడుకు పాకుతుంది. చాలా జబ్బుల్లో క్రిమి రక్తంలోనో లింఫు గ్రంథుల్లోనో తెల్లకణాల కంటపడుతుంది, దానికి తగిన యాంటీబాడీలు తయారవుతాయి. రేబిస్ వైరస్ రక్తంలో తిరగదు, నరం చాటునే పోతుంది. అందుకే కరిచిన మనిషి రక్తం పరీక్షించి వైరస్ ఎక్కిందో లేదో చెప్పడం కుదరదు. ఒంట్లో యాంటీబాడీలు పుట్టే వేళకు మెదడు దాని చేతికి చిక్కి ఉంటుంది. నీళ్లు చూస్తే గొంతు బిగుసుకుపోయే దశకు వచ్చాక బతికి బయటపడ్డవాళ్లు ప్రపంచం మొత్తంలో బహు కొద్దిమంది.

టీకా వేసిన రోజే రక్షణ రాదు. చాలినన్ని యాంటీబాడీలు తయారవడానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ ఎడంలో వైరస్‌ను గాయం దగ్గరే పట్టి ఆపేవి సీరంలోని తయారు యాంటీబాడీలే. ముఖం, తల, మెడ మీద కాటైతే మెదడు దగ్గర, అరచేతులూ వేళ్లైతే నరాలు దట్టం, కాబట్టి అక్కడ గడువు ఇంకా తక్కువ. మొహం మీద కాట్లు పెద్దవాళ్లకంటే చిన్నపిల్లలకే ఎక్కువగా పడతాయి. టీకాలన్నీ వేయించినా ప్రాణం పోయిందన్న కేసుల్ని తరచి చూస్తే తరచూ తేలేది ఇదే: గాయం కడగలేదు, సీరం పడలేదు, లేదా పెద్ద గాయానికి వేసి చిన్నవి వదిలేశారు.

కడగడం అంటే నీళ్లు చల్లడం కాదు. కుళాయి కిందో, చెంబుతో పోస్తూనో సబ్బు పెట్టి 15 నిమిషాలు. ఈ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని చీల్చేస్తుంది. ఆపైన బెటడిన్. సున్నం, కారం, పసుపు, ఆకుపసరు పూస్తే గాయం రేగడమే గానీ వైరస్ చావదు. కుట్లు వేయకుండా ఉండటమే మేలు. తప్పనిసరైతే సీరం ఎక్కించి, కొన్ని గంటలు ఆగి, వదులుగా వేయాలి.

గుర్రాల నుంచి తీసిన సీరం కిలో బరువుకు 40 యూనిట్లు, మనుషుల నుంచి తీసినది 20 యూనిట్లు. ఇవి గరిష్ఠ మోతాదులు. 5 మి.లీ.లో 1,500 యూనిట్లుండే గుర్రపు సీరం వయల్‌తో లెక్కేస్తే, 15 కిలోల పిల్లకు 2 మి.లీ., 60 కిలోల మనిషికి 8 మి.లీ. దాటకూడదు. ప్రతి గాయం లోతుకూ అంచులకూ మందు అందాలి. పిల్లలకు గాయాలు ఎక్కువై మందు చాలకపోతే నార్మల్ సెలైన్ కలిపి రెండు మూడింతలు చేసుకోవచ్చు, మోతాదు మాత్రం పెంచకూడదు. వేలి కొసలో ఒక్కసారిగా నొక్కితే రక్తప్రసరణ ఆగిపోవచ్చు, నిదానంగా కొద్దికొద్దిగా ఎక్కించాలి. మొదటి టీకా రోజే వేయడం సరైన పద్ధతి. ఆ రోజు దొరక్కపోతే ఏడో రోజు దాకా వేయవచ్చు. ఆ తర్వాత వేస్తే ఒంట్లో పుడుతున్న సొంత యాంటీబాడీలకు అడ్డమవుతుంది. ఇంతకుముందు పూర్తి కోర్సు వేయించుకున్నవాళ్లకు సీరం అక్కర్లేదు, 0, 3 రోజుల్లో (మొదటి టీకా రోజే 0) రెండు టీకాలు చాలు. వాళ్ల కణాలకు వైరస్ ఆనవాలు ముందే తెలుసు.

ఇక టీకా: చర్మంలోకైతే 0.1 మి.లీ. చొప్పున రెండు చోట్ల, 0, 3, 7, 28 రోజుల్లో. కండకు వేసే పద్ధతిలో పిరుదుకు వేస్తే కొవ్వులో చిక్కి సరిగా పనిచేయదు. బొడ్డు చుట్టూ 14 సూదుల కాలం పోయి ఇరవై ఏళ్లు దాటింది, ఆ భయంతో పసరు వైద్యానికి పోయేవాళ్లు మాత్రం ఇంకా పోతూనే ఉన్నారు. కుక్కను పది రోజులు చూడటమనేది మొదలుపెట్టిన టీకాను ఆపాలా వద్దా అని తేల్చుకోవడానికే. మొదలుపెట్టకుండా కూర్చోవడానికి కాదు.

సీరం ఖరీదు, కొరత అంటారు. గాయంలో పోగా మిగిలింది పిరుదుకో తొడకో ఎక్కించే పాత పద్ధతిలో ఆ మాట నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఆ పద్ధతి మార్చింది: గాయంలోనూ చుట్టూ పట్టినంత వేస్తే చాలు. చిన్న కాటుకు ఒకటి రెండు మి.లీ. సరిపోవచ్చు. మిగిలినదాన్ని శుభ్రంగా వేరే సిరంజిల్లోకి తీసి అదే రోజు వచ్చిన ఇంకొకరికి వాడవచ్చు. రియాక్షన్ వస్తుందన్న భయమూ పీహెచ్‌సీకి అడ్డం కానక్కర్లేదు. రియాక్షన్‌ను అణిచే అడ్రినలిన్ మందు దగ్గర పెట్టుకుని వేయాలి, వేశాక అరగంట కూర్చోబెట్టాలి. పిల్లల టీకాల రోజున ఆ మందు అక్కడ ఎలాగూ ఉంటుంది. 2–8 డిగ్రీల ఫ్రిజ్ కూడా ఉంది.

కాబట్టి రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ ప్రతి పీహెచ్‌సీకి కొన్ని వయల్స్ ఇచ్చి, గాయంలో ఎక్కించే పద్ధతిని డాక్టర్లకూ నర్సులకూ చేతితో చేయించి నేర్పాలి. కుక్కకాటు చీటీలో టీకా తేదీల పక్కనే ‘సీరం ఎన్ని మి.లీ., ఎన్ని గాయాలకు’ అన్న గడి ఒకటి చేర్చాలి. ఆ గడి ఖాళీగా ఉంటే రెండో డోసుకు వచ్చినప్పుడైనా ఎవరో ఒకరు అడుగుతారు, ఏడో రోజుకు ఇంకా గడువుంటుంది. పెద్దాసుపత్రికి పంపక తప్పకపోతే, అక్కడ సీరం ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కున్నాకే పంపాలి.

– విశ్రాంత ప్రజారోగ్య వైద్యుడు, ఏలూరు