కార్యదర్శి వార్షిక నివేదిక – 2025

సభ్యులందరికీ నమస్కారం.

మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను. విశ్వవిద్యాలయం ప్లానెటేరియంలో నెలకు రెండు శనివారాలు మనం నడిపే ఉచిత నక్షత్ర ప్రదర్శనలు ఈ ఏడాదీ సాగాయి. ఒక్క నెల మాత్రం ఏసీ పాడై రద్దు చేయాల్సి వచ్చింది. ఏసీ బాగు చేయించమని ఆఫీసుకు ఉత్తరం రాశాం, మూడుసార్లు గుర్తు చేశాం. ఫైలు కదులుతోందట. ఇంతకంటే రాస్తే బాగుండదు.

ఈ ఏడాది గొప్పగా చెప్పుకోవాల్సింది మే 7 ప్రదర్శన. 1925లో సరిగ్గా అదే తేదీన జర్మనీలో మ్యూనిక్‌లోని డాయిచెస్ మ్యూజియంలో, జైస్ కంపెనీ తయారుచేసిన ప్రొజెక్టరుతో ఇలాంటి తొలి ప్లానెటేరియం జనానికి తెరుచుకుంది. ఆ యంత్రం నాలుగు వేలకు పైగా నక్షత్రాలు చూపేది, అదీ మ్యూనిక్ అక్షాంశం నుంచి కనిపించే ఆకాశం వరకే. వందేళ్ల గుర్తుగా మనం డిజిటల్ వీడియోలు పక్కనపెట్టి, మూలన దుప్పటి కప్పి ఉంచిన పాత బంతి ఆకారపు ప్రొజెక్టరును బయటికి తీశాం. లెన్సులు తుడవడానికే రెండు ఆదివారాలు పట్టింది.

ఆ రోజు కుర్చీలు చాలక మెట్ల మీద కూడా కూర్చున్నారు. సగం ప్రదర్శన అయ్యాక ప్రొజెక్టరు బల్బు పోయింది. కటిక చీకటి. "అమ్మా, నక్షత్రాలు ఆరిపోయాయి" అని ఓ పిల్లాడి గొంతు. నాకు ఒకటే టెన్షన్. లైట్లు వేయబోతే మన వ్యాఖ్యాత వద్దన్నారు. కళ్లు చీకటికి అలవాటు పడాలంటే ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది, ఒక్క ట్యూబ్‌లైటు వెలిగిస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఎర్ర సెలోఫేన్ కాగితం చుట్టిన టార్చిని నోట కరుచుకుని, చేతిరుమాలుతో పట్టుకుని కొత్త బల్బు బిగించారు మన కోశాధికారి. అంతసేపూ వ్యాఖ్యాత చీకట్లోనే ధ్రువ నక్షత్రం సంగతి చెప్పారు. భూమి అక్షం బొంగరంలా ఊగుతూ ఒక చుట్టు తిరగడానికి దాదాపు 26,000 ఏళ్లు పడుతుంది కాబట్టి ఆ పదవి ఎవరికీ శాశ్వతం కాదు, పిరమిడ్లు కట్టిన రోజుల్లో అది థూబన్ అనే నక్షత్రానిది, ఇంకో 12,000 ఏళ్లకు అభిజిత్తుది అన్నారు. మన కార్యవర్గానికీ ఇది వర్తిస్తుందని వెనక నుంచి ఎవరో అన్నారు. గొంతు గుర్తుపట్టాను. బల్బు వెలిగి, సప్తర్షుల్లో వశిష్ఠుడి పక్కన అరుంధతి చిన్న చుక్కగా కనబడేసరికి హాలంతా ఒక్కసారి "ఓ" అంది.

ప్రదర్శన తర్వాత మేడ మీద టెలిస్కోపుతో శనిగ్రహాన్ని చూపించిన రోజుల్లో మాత్రం మాటలు పడ్డాం. "ఉంగరం లేని శనిని చూపించి పంపారు" అని సందర్శకుల పుస్తకంలో ఒకరు రాశారు. మార్చి 23న శని వలయాలు సరిగ్గా అంచు వైపు నుంచి మనకు ఎదురయ్యాయి, నవంబరులోనూ ఇంచుమించు అంతే. రెండున్నర లక్షల కిలోమీటర్లకు పైగా వెడల్పున్నా చాలాచోట్ల మందం కొన్ని పదుల మీటర్లే కాబట్టి అంచు నుంచి చూస్తే సన్నని గీత. దాదాపు పదిహేనేళ్లకోసారి వచ్చే ఈ అవకాశాన్ని టెలిస్కోపు లోపం అనుకున్నారు.

ఆలస్యంగా వచ్చినవారికి తలుపు తీయడం లేదని కూడా ఫిర్యాదులు. "ఉచితమేగా, తీస్తే ఏం పోయింది?" అంటారు. లోపల కూర్చున్న అందరి చీకటీ పోతుందండీ.

ఇక వాలంటీర్లు. వాట్సాప్ గ్రూపులో డ్యూటీ చార్టు పెట్టగానే బొటనవేళ్లు వరసగా లేస్తాయి. శనివారం సాయంత్రానికి వచ్చేది ఆ నలుగురే. క్యూ చూసేదీ, తలుపు దగ్గర నిలబడేదీ, చివర్లో చిప్స్ కవర్లు ఏరేదీ వాళ్లే. పేర్లు రాయొద్దన్నారు, రాయడం లేదు. రానివారి పేర్లు కూడా రాయడం లేదు.

సెలవు రోజుల్లో కూడా తాళంచెవితో వచ్చిన సెక్యూరిటీ సిబ్బందికి, భౌతికశాస్త్ర విభాగం అధ్యాపకులకు, పరీక్షల మధ్య కూడా వచ్చిన విద్యార్థులకు, లెన్సులు తుడిచిన పెద్దలకు, వాళ్లకు టీలు మోసిన పిల్లలకు సంఘం తరఫున కృతజ్ఞతలు. ఎవరినైనా మరిచిపోతే క్షమించాలి.

లెక్కలు జతచేశాం, ఆడిటర్ సంతకం అయింది. హాలుకు అద్దె లేదు. ఖర్చంతా బల్బులు, పోస్టర్లు, టెలిస్కోపు మరమ్మతు. సందేహాలుంటే కోశాధికారిని అడగండి.

పాత ప్రొజెక్టరుకు స్పేర్ బల్బు ఇంకొక్కటే ఉంది. వచ్చే నెల డ్యూటీ చార్టు ఈసారి కాగితం మీద, గుమ్మం దగ్గర పెట్టాను. పెన్ను దారంతో కట్టి ఉంది.

ఇట్లు,
కార్యదర్శి