జడ్చర్ల ఆసుపత్రి వెనుక ఓ గోధుమల ఊరు

సంపాదకునికి,

మా జడ్చర్లలో మెనోనైట్ బ్రెదరన్ ఆసుపత్రి తెలియనివారు తక్కువ. మెనోనైట్లంటే ఎవరో మాత్రం అమెరికా కాన్సస్ రాష్ట్రంలోని హిల్స్‌బరో చూశాకే నాకు అర్థమైంది. వాళ్లదో క్రైస్తవ శాఖ; ఆయుధం పట్టకూడదన్నది వాళ్ల నమ్మకం. రష్యాలో సైనికసేవ తప్పనిసరి కావడంతో 1874లో క్రిమియా నుంచి వచ్చి ఆ చుట్టుపక్కల పల్లె కట్టుకున్నారు. చలికి ముందే విత్తే టర్కీ రెడ్ గోధుమ కాన్సస్‌లో పాతుకుపోయింది ఇలాంటి రైతుల వల్లే.

అక్కడ 1876 నాటి మట్టి ఇల్లు ఇంకా ఉంది. గడ్డి కలిపిన పచ్చి ఇటుకల గోడలు. తాకి చూస్తే మా తాతగారి ఇల్లు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

అమెరికాలోని మెనోనైట్ బ్రెదరన్ సంఘాల నుంచే 1899లో మిషనరీలు తెలుగునేలకు వచ్చారు. మన జిల్లా చరిత్రలో ఈ రైతుల సంగతీ రాయించండి, చెప్పగలిగే పెద్దలు ఉండగానే.

– ఒక పాఠకుడు, జడ్చర్ల