నిమ్మకాయ ఎవరు పెట్టారో, పేరు ఎవరు పెట్టారో

సంపాదకులు గారికి,

పోయిన వారం మా వీధి మలుపులో కోసిన నిమ్మకాయ, పసుపు, నాలుగు ఎండుమిరపకాయలు కనిపించాయి. గంటలో పేరు కూడా తేలిపోయింది: ఒంటరిగా ఉండే ఓ ముసలామె. చేతబడి చేసిందని చెప్పింది పరాయివాళ్లు కాదు, సొంత తోడికోడలే. ఇద్దరికీ ఇరవై సెంట్ల చింతతోపు తగాదా ఉంది, ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. పిల్లాడికి జ్వరం, ఆవు పాలు తగ్గించింది, అదే రుజువు. మా ఆవూ తగ్గించింది, ఎండలకి!

ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినదాన్ని, నాకు 1692 నాటి సేలం గుర్తొచ్చింది. అమెరికాలో ప్యూరిటన్లనే కఠిన నియమాల క్రైస్తవుల ఊరది. ఆడపిల్లలు మెలికలు తిరిగిపోతూ, తమపై మంత్రాలు వేశారని కొందరి పేర్లు చెప్పారు. 'ఆమె రూపం వచ్చి నన్ను గిచ్చింది' అన్నా కోర్టుకు సాక్ష్యమే. డెబ్బై దాటిన రెబెకా నర్స్‌ను జ్యూరీ మొదట నిర్దోషి అంది, గోల లేచేసరికి మాట మార్చింది. ఉరి తీశారు. అలా మొత్తం 19 మంది. రెబెకాపై నింద వేసిన ఆ పిల్లల్లో ఒకరైన ఆన్ పుట్నం 1706లో చర్చిలో నిలబడి క్షమాపణ కోరింది.

మా ముసలామె ఇప్పుడు అందరూ వెళ్లాకే కుళాయి దగ్గరికి వస్తోంది. పక్కనున్న కర్ణాటక చేతబడిలాంటి దురాచారాలపై 2017లోనే చట్టం చేసింది. మన దగ్గర అధికారులు ముందు ఆ తోపు కాగితాలు చూడాలి.

- ఓ రిటైర్డ్ టీచర్, పలమనేరు, చిత్తూరు జిల్లా